డిస్క్ మీద పడిందా?

పిల్లలూ,

ర్యామ్‌లో (కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో) నడిచే డేటాబేస్ ఫాస్టు, డిస్క్ మీద నడిచేది స్లో అని క్లాసులో చెప్పారని రాశారు. మాట నిజమే. కానీ తేడా ఎక్కడ వస్తుందో తెలిస్తేనే అది మీకు పనికొస్తుంది.

ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. హార్డ్ డిస్క్‌లో అయితే హెడ్ సరైన చోటికి జరగాలి, పళ్లెం తిరిగి రావాలి, మొత్తం 10 మిల్లీసెకన్ల దాకా అవుతుంది. అంటే లక్ష రెట్లు! ర్యామ్ పని ఒక సెకనులో అయిందనుకుంటే డిస్క్ పనికి ఒక రోజు దాటిపోతుంది.

అయినా పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ లాంటి డిస్క్ డేటాబేస్‌లు ప్రతిసారీ డిస్క్ దాకా వెళ్లవు. తరచూ అడిగే డేటాను ర్యామ్‌లోనే ఉంచుకుంటాయి. డేటా అంతా అందులో పట్టేస్తే చదవడంలో లక్ష రెట్ల తేడా ఏమీ కనిపించదు.

అసలు తేడా రాసేటప్పుడు తెలుస్తుంది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో వెయ్యి వరుసలు ఒక్కొక్కటిగా కమిట్ చేయండి, అంటే డిస్క్ మీద ఖాయం చేయండి. నిమిషానికి 7200 సార్లు తిరిగే పాత డిస్క్ మీద సెకనుకు 60కి మించి కావు. ఆ డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది, ఒక్కో కమిట్‌కు దాదాపు రెండు చుట్లు ఆగాలి మరి. అవే వరుసలను ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే ఒకే కమిట్‌తో ముగిసే మూటలో, పెడితే చిటికెలో అయిపోతాయి. డిస్క్ అదే, డేటా అదే, ఆగడం మాత్రం ఒక్కసారే. డేటాబేస్‌ను ర్యామ్‌లోనే తెరిస్తే ఆ కాస్త ఆగడం కూడా ఉండదు. కానీ ప్రోగ్రామ్ మూయగానే అంతా పోతుంది.

రెడిస్ అనే డేటాబేస్ మధ్యదారి చూపిస్తుంది. డేటాను ర్యామ్‌లో ఉంచుకుంటూనే, కావాలంటే ప్రతి మార్పునూ ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. మామూలు సెట్టింగ్‌లో ఆ ఫైల్‌ను సెకనుకోసారి డిస్క్‌కు ఎక్కిస్తుంది. ఈలోపు కరెంటు పోతే చివరి సెకను రాతలు పోవచ్చు. గేమ్ స్కోర్లకు పర్వాలేదు. ఒకరి జీతం డబ్బు విషయంలో మాత్రం నేను ఒప్పుకోను, ఎంత స్పీడు వచ్చినా సరే. ప్రతి రాతకూ డిస్క్‌కు ఎక్కించమని రెడిస్‌కు చెప్పొచ్చు. అప్పుడు అదీ నెమ్మదిస్తుంది.

అందుకే ఎవరైనా సెకనుకు లక్ష రాతలని చెబితే, ‘అయిపోయింది’ అని జవాబిచ్చేసరికి అవి డిస్క్ మీద పడ్డాయో లేదో అడగండి.

మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది తిరిగే పళ్లెం లేని ఎస్‌ఎస్‌డీ కాబట్టి 60 కంటే చాలా ఎక్కువే వస్తుంది. వెయ్యి వరుసలూ విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి రాసి చూడండి. రెండు టైములూ నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య