ఎల్ఈడీ బల్బులో పసుపు పొడి: అపోహలు - వాస్తవాలు

ట్రూప్ బజార్‌లో బల్బు కొనేటప్పుడు అందరూ వాట్లు, వారంటీ అడుగుతారు. లోపలున్న పొడి సంగతి ఎవరూ అడగరు. నేను హైదరాబాద్‌లో ఆ పొడి తయారీ మీదే పనిచేస్తున్నాను. ఇంట్లో వెలుగు ఎలా ఉండాలో చాలావరకు తేల్చేది అదే.

అపోహ: తెల్ల ఎల్ఈడీ చిప్ తెల్లటి వెలుగే ఇస్తుంది.

లేదు, చిప్ ఇచ్చేది నీలం వెలుగు, తరంగదైర్ఘ్యం సుమారు 450 నానోమీటర్లు. దాని మీద సీరియం కలిపిన యిట్రియం అల్యూమినియం గార్నెట్ అనే పసుపు ఫాస్ఫర్ (ఒక రంగు వెలుగు పీల్చుకుని మరో రంగు వెలుగు ఇచ్చే పొడి) పూత ఉంటుంది. అది నీలంలో కొంత పీల్చుకుని పసుపు వెలుగు ఇస్తుంది. మిగిలిన నీలం, ఈ పసుపు కలిస్తే మన కంటికి తెలుపు. పోయిన బల్బు విప్పితే కనపడే పసుపు చుక్కలు ఇవే. మాడిపోయాయని చాలామంది అనుకుంటారు కానీ, అసలు రంగే అది.

ఆ రంగు తేలిగ్గా రాదు. ఆక్సైడ్ పొడులను తూచి, నూరి, 1500 డిగ్రీల దగ్గర కాలుస్తాం. హైడ్రోజన్ కొద్దిగా కలిపిన నైట్రోజన్ పారుతూ ఉండాలి, లేకపోతే సీరియం అయాన్లలో కొన్ని 4+ ఆవేశంతోనే ఉండిపోతాయి. వెలుగు ఇచ్చేది 3+ ఆవేశం ఉన్న సీరియం. ఒకసారి గ్యాస్ లైన్‌లో లీకు చూసుకోలేదు. పొద్దున్నే ఫర్నేస్ తెరిస్తే, నిమ్మపండులా ఉండాల్సిన పొడి పాలిపోయి ఉంది. నీలం లైటు కింద పెడితే వెలుగు అంతంతమాత్రం. ఆ బ్యాచ్ మొత్తం పారేశాం.

అపోహ: తెల్లగా ఉంటే చాలు, ఏ లైటైనా ఒకటే.

షాపులో ముదురు ఎరుపు గద్వాల చీర కొంటాం, బయట ఎండలో చూస్తే వేరే రంగులా ఉంటుంది. ఈ పసుపు పొడి ఒక్కటే వాడిన లైటులో ఎరుపు తక్కువ. అందుకే ఎరుపు బట్ట వెలవెలబోతుంది. యూరోపియం ఉన్న ఎరుపు నైట్రైడ్ ఫాస్ఫర్ కలిపితే ఆ లోటు చాలావరకు తీరుతుంది, కాకపోతే ధర పెరుగుతుంది. డబ్బా మీద సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె) 90, ఆపైన ఉన్నది తీసుకోండి. బట్టల షాపుకి, వంటింటికి ఆ ఖర్చు దండగ కాదు.

అపోహ: రేర్ ఎర్త్ అంటే దొరకనిది, పైగా రేడియేషన్.

పైన చెప్పిన సీరియం, యిట్రియం, యూరోపియం రేర్ ఎర్త్ మూలకాలే. భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి అంత ఉంది. కష్టమల్లా వేరుచేయడంలోనే, ఈ మూలకాల రసాయన గుణాలు ఒకదానికొకటి అంత దగ్గరగా ఉంటాయి. భీమిలి తీరం ఇసుకలో దొరికే మోనజైట్ అనే రేర్ ఎర్త్ ఖనిజంలో థోరియం ఉంటుంది, రేడియేషన్ దానిదే. శుద్ధి చేసేటప్పుడు దాన్ని వేరుచేస్తారు. ఫాస్ఫర్‌కి ఫాస్ఫరస్ (భాస్వరం)తోనూ సంబంధం లేదు, పేర్లు కలిశాయంతే. ఈ పసుపు పొడిలో ఫాస్ఫరస్ ఉండదు.

అపోహ: ఎల్ఈడీ పగిలినా ట్యూబులైటంత ప్రమాదం.

ఎల్ఈడీలో పాదరసం ఉండదు. ట్యూబులైటు, సీఎఫ్ఎల్ పాదరసం ఆవిరితోనే వెలుగుతాయి. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందం ప్రకారం 2027 చివరికల్లా ట్యూబులైట్ల తయారీ, ఎగుమతి, దిగుమతులు ఆపాలి. ఇంట్లో ఉన్న ట్యూబు పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని పక్క గదిలోకి పంపండి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడకండి. ముక్కల్ని గట్టి అట్టతో ఎత్తి, మూత ఉన్న సీసాలో వేయండి.