పొయ్యి మీద పాప్‌కార్న్: తొంభైల స్లాషర్ సినిమాలపై అపోహలు - వాస్తవాలు

ఇరవయ్యేళ్లుగా సినిమాల శబ్ద విభాగంలో పనిచేస్తున్నాను. డబ్బింగ్, ఎఫెక్ట్స్, చివరి మిక్సింగ్ నా పని. కొత్తగా చేరిన పిల్లలకు భయం పుట్టించే సన్నివేశం అప్పగిస్తే ముందుగా పెద్ద చప్పుడు కోసం వెతుకుతారు. అప్పుడు వాళ్లను కూర్చోబెట్టి 1996, 97లలో అమెరికాలో వచ్చిన టీనేజ్ స్లాషర్ సినిమాలు చూపిస్తాను. ముసుగు వేసుకున్నవాడు కత్తి పట్టుకుని కుర్రకారును వెంటాడే చవకబారు కథలని చాలామంది వాటిని తీసిపారేస్తారు. ఈ నెలలో వాటిని మళ్లీ వరసగా చూశాక, ఆ మాట నాకు మరింత అన్యాయంగా తోచింది.

అపోహ: ఇవి నెత్తురు మీద బతికిన సినిమాలు.

వెస్ క్రేవెన్ తీసిన 'స్క్రీమ్' (1996)లో నెత్తురు లేదని అనను. ధ్రువీకరణ దగ్గర అభ్యంతరాలు వస్తే కొన్ని షాట్లు కత్తిరించాకే 'ఆర్' (పదిహేడేళ్ల లోపువారు పెద్దల తోడుతోనే చూడాల్సిన సర్టిఫికెట్) దక్కింది. కానీ మొదటి పన్నెండు నిమిషాలు చూడండి. డ్రూ బారీమోర్ ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. ఫోను మోగుతుంది. అవతలి గొంతు మర్యాదగా, కాస్త చిలిపిగా మాట కలుపుతుంది. పొయ్యి మీద పాప్‌కార్న్ ఉంది. మాటలు ముదిరేకొద్దీ గింజల చిటపట పెరుగుతుంది, పైనున్న రేకు ఉబ్బుతుంది, చివరికి మాడి పొగ కమ్ముతుంది. దాన్ని దించాలన్న ధ్యాస ఆమెకు లేదు, మనకు ఉంది. గడియారం చూపించకుండానే గడువు దగ్గరపడుతోందని చెప్పారు. చుక్క నెత్తురు కనబడకముందే మన అరచేతులకు చెమట పడుతుంది.

ఆ గొంతు రోజర్ ఎల్. జాక్సన్‌ది. మామూలుగా ఫోను సన్నివేశాల్లో అవతలి మాటలను సెట్లో ఎవరో ఒక సహాయకుడు చదివి అందిస్తాడు, అసలు గొంతును తర్వాత స్టూడియోలో కలుపుతాం. క్రేవెన్ జాక్సన్‌ను చిత్రీకరణ జరిగే చోటికే రప్పించాడు. నటులు అతని ముఖం చూడకుండా దాచి ఉంచి, నిజంగానే ఫోనులో మాట్లాడించాడు. బారీమోర్ ఊపిరి తడబడటం, అది పసిగట్టి అతను మాట మార్చడం, ఆమె మళ్లీ ఉలిక్కిపడటం అక్కడికక్కడే పుట్టాయి. డబ్బింగ్ గదిలో నాలుగు గోడల మధ్య అంత బిగువు రాబట్టడానికి నేను ఎన్ని రాత్రులు తంటాలు పడ్డానో నాకు తెలుసు.

అపోహ: ఒకటి ఆడితే మిగతావన్నీ దాన్ని కాపీ కొట్టాయి.

కొన్నింటి విషయంలో ఇది నిజమే. 'ఐ నో వాట్ యూ డిడ్ లాస్ట్ సమ్మర్' (1997)ను మాత్రం ఆ గాటన కట్టకూడదు. రెండింటికీ రచయిత కెవిన్ విలియమ్సనే. ఈ రెండో కథను అతను 'స్క్రీమ్' కంటే ముందే రాసి పెట్టుకున్నాడు. 'స్క్రీమ్' ఆడాక దీనికి దారి దొరికింది. దీనికి ఆధారం లోయిస్ డంకన్ 1973లో రాసిన నవల. సినిమాలోలా కొక్కెంతో వెంటాడే జాలరి ఆ నవలలో లేడు. 1989లో సొంత కూతురిని హత్యలో పోగొట్టుకున్న ఆ తల్లికి, తన కథ ఇలా హత్యల వరసగా మారడం నచ్చలేదు. సినిమా పనితనాన్ని ఎంత మెచ్చుకున్నా, ఆమె బాధ న్యాయమైనదేనని నా నమ్మకం.

'స్క్రీమ్' కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఫోనులో బెదిరింపులు 'బ్లాక్ క్రిస్మస్' (1974)లోనే ఉన్నాయి. చివరి విందులో టీవీలో ఆడేది 'హాలోవీన్' (1978). అప్పు ఎవరి దగ్గర తీసుకున్నారో తెర మీదే చూపించారు.

అపోహ: 'స్క్రీమ్' మొదటి రోజు నుంచే దుమ్ము రేపింది.

లేదు. 1996 డిసెంబరు 20న, పండగ సినిమాల మధ్య విడుదలైంది. మొదటి వారాంతంలో వచ్చింది దాదాపు 63 లక్షల డాలర్లు. చూసినవాళ్లు పదిమందికి చెప్పగా చెప్పగా, ఒక్క అమెరికా, కెనడాలలోనే పది కోట్ల డాలర్లు దాటింది.

అపోహ: పద్ధతిగా ఉన్న అమ్మాయి బతుకుతుంది, మిగతావాళ్లు శిక్ష అనుభవిస్తారు.

పాత స్లాషర్లలో చివరిదాకా నిలిచే అమ్మాయికి 'ఫైనల్ గర్ల్' అని 1987లో పేరు పెట్టింది పరిశోధకురాలు కరోల్ క్లోవర్. 'స్క్రీమ్'లో ఒక కుర్రాడు ఇలాంటి సినిమాల్లో బతకడానికి నియమాలను పైకే చదువుతాడు; శృంగారం జోలికి పోకూడదన్నది మొదటిది. అదే రాత్రి కథానాయిక సిడ్నీ దాన్ని దాటుతుంది, అయినా బతుకుతుంది.

'లాస్ట్ సమ్మర్'లో హెలెన్ బతకదు. సారా మిషెల్ గెల్లర్ వేసిన ఆ పాత్ర చావును శిక్ష అనేవాళ్లు ఆ వెంటాట మళ్లీ చూడాలి. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4 రాత్రి ఆమె తన కుటుంబం కొట్టుకు పరుగెడుతుంది, తలుపు బాదుతుంది, పై అంతస్తు నుంచి దూకుతుంది, కుంటుతూ సందులోకి వస్తుంది. మరో నాలుగడుగులు వేస్తే వీధి, ఊరేగింపు, ఊరంతా. అక్కడే ఒక్కసారి వెనక్కి చూస్తుంది. ఆమె కేకలు వీధిలో ఎవరికీ వినబడవు. మిక్సింగ్‌లో ఊరేగింపు బ్యాండు మోతను కాస్త తగ్గించినా ఎవరో ఒకరు తల తిప్పి ఉండేవారని మనకు అనిపించేది. ఆ బల్ల ముందు కూర్చున్నవారు తగ్గించలేదు.