గాలి లేకపోతే చాలా? ఆ శిలాజాలు నిలవడం వెనక కథ

చచ్చిన జీవులు కుళ్లకుండా శిలాజాలుగా నిలవడానికి సముద్రం అడుగున ఆక్సిజన్ లేకపోతే చాలా? జర్మనీలోని పోసిడోనియా షేల్ అనే రాతి పొరల మీద ఈ వాదన చల్లారేలా లేదు. 18 కోట్ల 30 లక్షల ఏళ్ల నాటి ఈ నల్లటి రాతి పలకల్లో ఇక్తియోసార్లు అనే సముద్రపు సరీసృపాలు, చుట్ట తిరిగిన గవ్వలుండే అమ్మోనైట్లు, స్క్విడ్ బంధువులు ఆశ్చర్యపోయేంత చక్కగా దొరుకుతాయి. వాటి బంగారు మెరుపు ఇనుము, గంధకం కలిసిన పైరైట్ ఖనిజానిదేనని, సముద్రం అడుగున ఆక్సిజన్ లేకపోబట్టే అది ఏర్పడిందని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 2023లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన రోవన్ మార్టిండేల్ తదితరులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే శిలాజాల్లో ఉన్నది ప్రధానంగా ఫాస్ఫేట్. పైరైట్ దాదాపు అంతా చుట్టూ ఉన్న రాతిలోనే. కాస్తయినా ఆక్సిజన్ అందకపోతే ఆ ఖనిజాలు ఏర్పడేవి కావని వాళ్ల వాదన.

1909లో అమెరికా శాస్త్రవేత్త వాల్కాట్ కెనడాలో బర్జెస్ షేల్ అనే శిలాజాల రాతిని కనుగొన్న కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన మన డైనోసార్ కోటసారస్‌నూ పక్కన పెడదాం. ఎముక సగం రాయి లాంటిదే, నిలవడంలో పెద్ద వింత లేదు. రొయ్య కండ, పురుగు పేగు ఎలా నిలిచాయన్నదే చిక్కు.

నన్నడిగితే అసలు మలుపు 1988. పీటర్ అల్లిసన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు రొయ్యలను, సముద్రపు పురుగులను బురదతో పాటు జాడీల్లో పెట్టి, గాలి చొరకుండా మూసేశాడు. పాత లెక్క ప్రకారం అవి నిలవాలి. కొన్ని వారాల్లోనే కుళ్లిపోయాయి. ఆవకాయ మీద నూనె తేలాలని, గాలి తగలకూడదని మన పెద్దలు అంటారు కదా. ఉప్పు తగ్గించి, నూనె మాత్రం నిండుగా పోసి చూడండి, ఏమవుతుందో!

అంత దూరం ఎందుకు, ఎండాకాలం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద నిలబడితే చాలు. హుస్సేన్‌సాగర్ అడుగు బురదలో ఆక్సిజన్ ఉండదు. అయినా కుళ్లు ఆగదు. నీళ్లలోని సల్ఫేట్‌ను వాడుకుని బతికే బ్యాక్టీరియా ఆ పని కానిచ్చేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దాని పుణ్యమే.

అల్లిసన్ తర్వాత ప్రశ్నే మారింది. కుళ్లకముందే ఆ శరీరం చుట్టూ ఏ ఖనిజం చేరింది, ఎంత తొందరగా చేరింది అని అడగడం మొదలైంది. దానికి గట్టి జవాబు 2012లో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ గేన్స్ బృందం నుంచి వచ్చింది. బర్జెస్, చైనాలోని చెంగ్‌జియాంగ్ లాంటి చోట్ల శిలాజాలున్న పొరల పైభాగంలో కాల్సైట్ అనే సున్నపు ఖనిజం సిమెంటులా పేరుకుని ఉంది. 50 కోట్ల ఏళ్ల కిందటి సముద్రాల్లో సల్ఫేట్ తక్కువ, సున్నం పేరుకునే గుణం ఎక్కువ. సన్నటి బురద ఒక్కసారిగా జీవుల్ని కప్పేసింది. కాసేపటికే పైన సున్నపు మూత పడింది. కింద ఉన్న బ్యాక్టీరియాకు సల్ఫేట్ రావడం ఆగిపోయింది, కుళ్లు మధ్యలోనే నిలిచిపోయింది. ఈ రోజు సముద్రాల్లో సల్ఫేట్‌కు కరువు లేదు కాబట్టి అలాంటి మూత పడినా అంత తేలిగ్గా పని జరగదు.

కొన్ని రకాల బంకమట్టి కూడా బ్యాక్టీరియాను అడ్డుకుందని 2018లో ఇంకో బృందం చెప్పింది. అదీ కొట్టిపారేయలేం.

ఆక్సిజన్ లేమినే నమ్ముకున్నవాళ్ల మాటలో కొంత నిజముంది. అది లేని చోట శవాలను పీక్కుతినే జీవులు, బురదను తవ్వే పురుగులు రావు. అంతవరకు ఒప్పుకోవచ్చు. కానీ కాపలా పెట్టడం వేరు, కుళ్లు ఆపడం వేరు.

ఇక ఇంట్లో పరిచిన తాండూరు బండలో ఫెర్న్ ఆకు కనిపించిందని ఫొటోలు పంపేవాళ్లకు ఒక మాట. ఆ బండ కూడా ఒకప్పటి సముద్రపు సున్నపు బురదే, కానీ గవ్వలున్న జీవులు కూడా పుట్టకముందుది. ఫెర్న్‌లు వచ్చింది ఇంకా చాలా తర్వాత. మీరు చూసింది చాలావరకు రాతి పగుళ్లలో కొమ్మల్లా పాకిన మాంగనీస్ మరక.