కారు స్టీరియో మొరాయిస్తే, డీలర్ చేతులెత్తేస్తే: అపోహలు - వాస్తవాలు

స్టీరియో గొడవలు నెలల తరబడి సాగడానికి కారణం మామూలుగా ఒకటే. యజమాని కొలవకుండానే ‘యూనిట్ (స్టీరియో డబ్బా) పోయింది’ అని తేల్చేస్తారు. డీలర్ విప్పి చూడకుండానే ‘అంతా బాగానే ఉంది’ అంటారు. ఇద్దరి దగ్గరా కొలిచిన అంకె ఉండదు.

అపోహ: తెర వెలగలేదంటే స్టీరియో కాలిపోయినట్టే.

వాస్తవం: స్టీరియోకి కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి ఎప్పుడూ ఉండేది. గడియారం, స్టేషన్ల మెమరీ దాని మీదే నడుస్తాయి. రెండోది తాళం తిప్పితేనే వచ్చేది. వీటికి తోడు ఎర్త్. విడిగా కొని బిగించే యూనిట్లలో ఇవి వరుసగా పసుపు, ఎరుపు, నలుపు వైర్లు. కంపెనీ వైరింగ్‌లో రంగులు వేరుగా ఉంటాయి కాబట్టి అక్కడ మోడల్ వైరింగ్ చిత్రం చూసుకోవాల్సిందే.

తాళం తిప్పి పసుపు-నలుపు మధ్య, ఎరుపు-నలుపు మధ్య మల్టీమీటర్‌తో వోల్టేజీ కొలవండి. ఇంజిన్ ఆగి ఉంటే 12 వోల్టుల పైచిలుకు, నడుస్తుంటే 14కి అటూ ఇటూ రావాలి. అయితే మీటర్ మోసం చేసేది ఇక్కడే. చిలుము పట్టిన కప్లర్‌లో (వైర్లన్నీ కలిసి యూనిట్‌కి తగిలే ప్లగ్గు) ఒక్క పోగు తగులుతున్నా మీటర్ నిక్షేపంగా 12 చూపిస్తుంది. యూనిట్ ఆన్ అయి కరెంటు లాగగానే వోల్టేజీ కూలిపోతుంది. అందుకే పసుపు-నలుపు మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించి, అది వెలుగుతుండగా మళ్లీ కొలవాలి. బ్యాటరీ దగ్గర ఉన్న అంకె కంటే అర వోల్టుకి మించి తక్కువ వస్తే లోపం వైరింగ్‌లోనో, ఫ్యూజు హోల్డర్‌లోనో ఉంది, యూనిట్‌లో కాదు. ఎర్త్ సంగతి తేలాలంటే పాట గట్టిగా పెట్టి, నలుపు వైరుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య చూడండి. 0.1 వోల్టు దాటకూడదు.

తాళం తీసిన ప్రతిసారీ స్టేషన్లు చెరిగిపోతున్నాయా? తాళం తీశాక పసుపు వైరుకి కరెంటు అందట్లేదు, లేదంటే పసుపు, ఎరుపు తారుమారయ్యాయి. కొన్ని ఫోక్స్‌వ్యాగన్, ఆడి మోడళ్ల ఐఎస్‌ఓ కప్లర్‌లో (చాలా కంపెనీలు వాడే ప్రామాణిక ప్లగ్గు) 4, 7 పిన్నులు అటూ ఇటూగా ఉంటాయి. అది చూసుకోకుండా వేరే యూనిట్ బిగిస్తే వచ్చే తంటా ఇదే.

అపోహ: ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేస్తే సరి.

వాస్తవం: ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా కాపాడటానికి. 10 ఆంప్స్ చోట 20 వేస్తే, ఈసారి షార్ట్ అయినప్పుడు డ్యాష్‌బోర్డు వెనక వైరే ఫ్యూజు పని చేస్తుంది. కప్లర్ పీకి అదే విలువ ఉన్న కొత్త ఫ్యూజు వేయండి. అప్పుడూ పోతే షార్ట్ వైరింగ్‌లో ఉంది. పోకపోతే యూనిట్‌నో స్పీకర్ వైర్లనో అనుమానించాలి.

అపోహ: ఒక వైపు శబ్దం రాలేదంటే ఆ స్పీకర్ పోయింది.

వాస్తవం: ముందు బ్యాలెన్స్ (కుడి-ఎడమ శబ్దం సర్దేది), ఫేడర్ (ముందు-వెనక సర్దేది) మధ్యలో ఉన్నాయో లేదో చూడండి. నవ్వులాటగా ఉంటుంది గానీ ఈ ఒక్క చూపుతో తేలిపోయే కేసులు తక్కువేం కాదు. తర్వాత యూనిట్ కప్లర్ ఊడదీసి, కారు వైపున్న స్పీకర్ జతకి మీటర్ పెట్టి ఓమ్స్ కొలవండి. 4 ఓమ్స్ స్పీకరైతే దాదాపు 3.2 నుంచి 3.8 వస్తుంది. అసలు రీడింగే లేకపోతే కాయిల్ తెగిందన్నా కావాలి, వైరు తెగిందన్నా కావాలి. మామూలు 1.5 వోల్టుల సెల్లును స్పీకర్ టెర్మినళ్లకే ఒక్క క్షణం తాకించి చూడండి. ‘టప్’ మంటే స్పీకర్ బాగుంది, వైరు తెగింది. తెగే చోటు చాలాసార్లు తలుపు కీలు దగ్గర రబ్బరు గొట్టం లోపల. తలుపు తీసి వేసే కొద్దీ రాగి పోగులు విరుగుతాయి. తలుపు ఊపుతుంటే శబ్దం వచ్చి పోతుందంటే ఇక వెతకక్కర్లేదు.

ఒక జాగ్రత్త. నేటి యూనిట్లలో స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది. ఒక్కోదాని మీద సరఫరాలో సుమారు సగం, అంటే 6-7 వోల్టులు. మైనస్ అనే వైరుని బాడీకి తాకిస్తే యూనిట్ లోపలి ఆంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్) ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది, అంటే తనను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, ఒక్కోసారి కాలిపోతుంది కూడా.

అపోహ: డబ్బా మీద 50 వాట్స్ ఇంటూ 4 అని ఉంది, గట్టిగా పెడితే పగిలిన శబ్దం వస్తోంది కాబట్టి యూనిట్‌లో లోపం.

వాస్తవం: లెక్క చూడండి. 14.4 వోల్టుల వర్గాన్ని 4 ఓమ్స్‌తో భాగిస్తే 52 వాట్లు. డబ్బా మీది అంకె అది. శుభ్రమైన శబ్దానికి అందులో సగం, 26. నష్టాలు పోగా 20 చిల్లర. లోపల వేరే ఆంప్ లేని యూనిట్ ఏదైనా అంతే. దీని మీద వారంటీ అడిగితే ఓడిపోతారు.

అపోహ: స్టీరియో ఆఫ్ చేశాక బ్యాటరీ తినదు, బ్యాటరీ దిగిపోతోందంటే బ్యాటరీ పాతబడినట్టే.

వాస్తవం: డీలర్ నోట తరచూ వినిపించే మాట ఇది. కారు మొత్తం నిద్రలోకి వెళ్లాక లాగే కరెంటు మామూలుగా 50 మిల్లీఆంప్స్ లోపు ఉండాలి. నిద్రపోని స్టీరియో అర ఆంపు లాగితే రోజుకి 12 ఆంపియర్ అవర్స్. 45 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ మూడు రోజుల్లో చేతులెత్తేస్తుంది.

కొలిచేందుకు బ్యాటరీ వైరు ఊడదీయకండి. ఊడదీశారంటే ఇరుక్కుపోయిన యూనిట్ రీసెట్ అయి బుద్ధిగా నిద్రపోతుంది, లోపం దాక్కుంటుంది. కొన్ని పాత యూనిట్లు పైపెచ్చు దొంగతనం అడ్డుకునే రహస్య కోడ్ అడుగుతాయి. తలుపులు లాక్ చేసి, అరగంట ఆగి, డీసీ క్లాంప్ మీటర్‌ని (వైరు ఊడదీయకుండా చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) బ్యాటరీ నెగెటివ్ వైరు చుట్టూ పెట్టండి. 50 మిల్లీఆంప్స్ కంటే బాగా ఎక్కువ ఉంటే స్టీరియో ఫ్యూజు పీకండి. అంకె పడిపోతే దొంగ దొరికినట్టే. ముందు, తర్వాత అంకెలు రెండూ వీడియోలో ఉంటే ‘బ్యాటరీ మార్చండి’ అన్న మాట మళ్లీ రాదు.

అపోహ: స్కానర్‌లో కోడ్ రాలేదు కాబట్టి లోపం లేదు.

వాస్తవం: స్కానర్ అంటే వర్క్‌షాపులో కారుకి తగిలించి లోపాల కోడ్‌లు చదివే పరికరం. అది చూపించేది యూనిట్ తనంతట తాను పసిగట్టిన లోపాలనే. గరగర శబ్దాన్నీ, వేలు పెట్టకుండానే తనంతట తాను నొక్కుకునే తెరనీ అది పసిగట్టలేదు. డీలర్ ‘లోపం కనబడలేదు’ అని రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. వారంటీ పనికి డీలర్‌కి డబ్బు ఇచ్చేది తయారీ కంపెనీ. లోపం నిరూపించని వెతుకులాటకి చాలాసార్లు ఏమీ రాదు. కాబట్టి వెతికే పని సగం మీరే చేసిపెట్టాలి.

జాబ్ కార్డులో (కారు అప్పగించేటప్పుడు సర్వీస్ వాళ్లు ఫిర్యాదు రాసే కాగితం) ‘స్టీరియో పనిచేయట్లేదు’ అని రాయనివ్వకండి. ఇలా రాయించండి: ‘ఇంజిన్ స్టార్ట్ చేసిన 10 నిమిషాలకు, బ్లూటూత్‌లో పాట నడుస్తుండగా నాలుగు స్పీకర్లూ ఆగిపోతాయి; తెర వెలుగుతూనే ఉంటుంది; తాళం తీసి వేస్తే మళ్లీ వస్తుంది; ఎఫ్‌ఎంలో, యూఎస్‌బీలో కూడా ఇంతే.’ చివరి ముక్క ముఖ్యం. ఎఫ్‌ఎంలో మాత్రమే అయితే యాంటెన్నా వైపు చూడాలి, బ్లూటూత్‌లో మాత్రమే అయితే ఫోన్ మార్చి చూడాలి, అన్నింట్లోనూ అయితే ఆంప్, ఎర్త్, సరఫరా. స్పీకర్లలో గుయ్‌మనే రొద ఇంజిన్ వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే ముందు ఛార్జర్లు, డ్యాష్‌క్యామ్ పీకేసి చూడండి, తర్వాత ఎర్త్.

వీడియోలో కిలోమీటర్ల రీడింగు, టైము కనబడాలి. లోపం అప్పుడప్పుడే వస్తుంటే టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని కారు తిప్పాలని అడగండి. వెతికినా దొరకలేదంటే ఆ మాటే కాగితం మీద రాయించుకుని కాపీ తీసుకోండి. వారంటీ గడువులోనే ఫిర్యాదు చేశారనడానికి ఆ కాగితమే ఆధారం. నోటిమాటగా పది సార్లు వెళ్లినా లెక్కలోకి రాదు.

అపోహ: ‘ఈ కంప్లైంట్ మీ ఒక్కరిదేనండీ.’

వాస్తవం: కావచ్చు, కాకపోవచ్చు. 2022 జనవరిలో అమెరికాలోని సియాటెల్ ప్రాంతంలో 2014-2017 మాజ్డా కార్ల స్టీరియోలు 94.9 ఎఫ్‌ఎం దగ్గర ఇరుక్కుపోయాయి. స్టేషన్ డిజిటల్ సిగ్నల్‌తో పంపిన బొమ్మల ఫైళ్లకు ఎక్స్‌టెన్షన్ (ఫైలు రకం చెప్పే పేరు చివరి ముక్క) లేదు, యూనిట్లు వాటిని మింగలేక ఆగి ఆగి స్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. విడివిడిగా చూస్తే ప్రతి కారుదీ ‘యూనిట్ పోయింది’ కేసే. 2021లో టెస్లా దాదాపు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిచింది. 8 జీబీ ఫ్లాష్ మెమరీ రాసి చెరిపి అరిగిపోవడం వల్ల తెరలు చచ్చిపోయాయి. యూనిట్ పార్ట్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ రాసి, వాటి మీద కంపెనీ సర్వీస్ బులెటిన్ (తెలిసిన లోపాల గురించి డీలర్లకు పంపే నోటీసు) ఏమైనా ఉందా అని ఈమెయిల్‌లో అడగండి. సర్వీస్ అడ్వైజర్ దాటేస్తే సర్వీస్ మేనేజర్, ఆ తర్వాత తయారీ కంపెనీ కస్టమర్ కేర్, అన్ని జాబ్ కార్డుల నంబర్లతో.

అపోహ: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: హ్యాంగ్ అవడం, ఫోన్ కలవకపోవడం లాంటివి సర్దుకోవచ్చు. లూజ్ కాంటాక్టు సర్దుకోదు. అప్‌డేట్ మధ్యలో వోల్టేజీ పడిపోతే బాగున్న యూనిట్ కూడా ఇక ఆన్ కాని ఇటుకరాయి అయిపోవచ్చు, బ్యాటరీకి ఛార్జర్ తగిలించి చేయమనండి.

అపోహ: షోరూమ్‌లో బిగించారు కాబట్టి కారు వారంటీలోనే ఉంది.

వాస్తవం: డీలర్ బిగించిన స్టీరియో చాలాసార్లు యాక్సెసరీ. దాని వారంటీ స్టీరియో కంపెనీది, గడువు వేరు. బిల్లులో అది ఏ పేరుతో, ఏ సీరియల్ నంబరుతో ఉందో ముందు చూడండి. ‘బయట వైరింగ్ చేయించారు, వారంటీ పోయింది’ అంటే, ఏ వైరు వల్ల ఏ భాగం ఎలా చెడిందో రాసివ్వమనండి. బయట పని జరిగిందన్న ఒక్క మాటతో లోపానికి కారణం తేలదు.

అపోహ: పాత కారులోంచి తీసిన అదే మోడల్ యూనిట్ తగిలిస్తే పని అయిపోతుంది.

వాస్తవం: చాలా కంపెనీ యూనిట్లు కారు ఛాసిస్ నంబరుతో ముడిపడి ఉంటాయి. కోడింగ్ (కొత్త కారుకి సాఫ్ట్‌వేర్‌తో జతచేయడం) చేయకపోతే మూగగా ఉంటాయి. డీలర్ మార్చి ఇచ్చినప్పుడు కూడా పాత, కొత్త యూనిట్ల స్టిక్కర్లు రెండింటినీ ఫొటో తీసుకోండి, సీరియల్ నంబరు నిజంగా మారిందో లేదో తెలుస్తుంది. పాతది తెర పనిచేస్తుండగానే అప్పగిస్తుంటే, ముందు అందులోని ఫోన్‌బుక్, ఇంటి అడ్రసు చెరిపేయండి.