పెరటి రేకుల షెడ్డులోకి వాననీరు వచ్చే దారులు

పనిముట్లకు, ఎరువు బస్తాలకు పెరట్లో వేసుకున్న రేకుల షెడ్డులో నేల తడిసిందంటే ఇంటివారు మొదట తల ఎత్తి కప్పు వైపే చూస్తారు. వాన పైనుంచే కురుస్తుంది కాబట్టి అది సహజమే. అయితే విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లోని షెడ్లలో చెమ్మకు కారణం చాలాసార్లు కాళ్ల కింద ఉంటుంది. కప్పే కారినప్పుడు కూడా ఆ నీరు కిందికి జారి కాక, వాలుకు ఎదురెక్కి లోపలికి వచ్చి ఉండవచ్చు.

ఎదురెక్కడం ఎలా సాధ్యమో ముందు చూద్దాం. గాలి లేని వానలో నీరు తన బరువుతోనే చూరు దాకా దిగిపోతుంది. పై రేకు కింది రేకు మీదకు ఆరు అంగుళాలు, అంటే 150 మిల్లీమీటర్లు, వచ్చి ఉంటే సరిపోతుంది. తుఫాను వానలో లెక్క మారుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు అక్కడ గాలి వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటింది. ఆ వేగంతో వీచే గాలి ఒత్తిడి సుమారు 38 మిల్లీమీటర్ల ఎత్తు నీటిని నిలబెట్టగలదు. పది అడుగుల పొడవుకు ఒక అడుగు మాత్రమే వాలు ఇచ్చిన కప్పులో, 150 మిల్లీమీటర్ల అతుకు కింది అంచుకూ పై అంచుకూ మధ్య నిలువు తేడా 15 మిల్లీమీటర్లే కాబట్టి, గాలి నీటిని సునాయాసంగా ఆ అతుకు దాటిస్తుంది. అదే వాలు మూడు అడుగులకు ఒక అడుగు చొప్పున ఉంటే ఆ తేడా 47 మిల్లీమీటర్లకు పెరిగి, నీరు మధ్యలోనే ఆగుతుంది. ఇంత చిన్న లెక్కను పక్కన పెట్టి, ఖర్చు కలిసివస్తుందని కప్పును దాదాపు బల్లపరుపుగా వేయించడం, ఆపైన ఏటా అతుకులకు తారు పూయించడం నాకు వృథా శ్రమగా కనిపిస్తుంది. నైరుతి కాలంలో జల్లు పడమటి వైపు నుంచి, అక్టోబరు తరువాత తూర్పు, ఈశాన్యాల నుంచి కొడుతుంది కనుక ఒక్క దిక్కును చూసుకుంటే చాలదు.

బోల్టులు రేకు మడత శిఖరం మీదే ఉండాలి. నీరు పారే పల్లంలో రంధ్రం వేస్తే ఎంత మంచి వాషరైనా ఎక్కువ కాలం ఆపలేదు.

ఇక నేల సంగతి. 10 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 500 లీటర్ల నీరు చూరు వెంట గోడ మొదట్లోనే పడుతుంది. గుంటూరు పరిసరాల్లోని నల్లరేగడి ఎండాకాలమంతా నెర్రెలు విచ్చి ఉండి, తడిసిన కొద్దీ ఉబ్బి ఆ నెర్రెలను మూసుకుంటుంది; ఆ తరువాత నీరు లోపలికి ఇంకడం చాలా నెమ్మదిస్తుంది. అలా నిలిచిన నీటిని ఇటుకలోని సన్నని రంధ్రాలు పైకి లాగుతాయి. రంధ్రం ఎంత సన్ననిదైతే నీరు అంత ఎత్తు ఎక్కుతుంది: ఒక మిల్లీమీటరు వ్యాసమున్న గొట్టంలో సుమారు 3 సెంటీమీటర్లు, అందులో పదో వంతు వ్యాసమున్న గొట్టంలో 30 సెంటీమీటర్లు. గోడ మీద అడుగు ఎత్తున కనిపించే తెల్లని ఉప్పు పొడి, అలా ఎక్కిన నీరు ఆవిరైపోతూ వదిలిన గుర్తే.

కాబట్టి గచ్చును చుట్టుపక్కల నేలకన్నా కనీసం అడుగు ఎత్తున పోయించి, దాని కింద దుమ్ము లేని 20 మిల్లీమీటర్ల కంకరను నాలుగైదు అంగుళాల మందాన పరచడం మేలు. రాళ్ల మధ్య సందులు పెద్దవి కనుక చెమ్మ వాటిని దాటి పైకి ఎక్కలేదు. టిప్పర్లలో తెచ్చి పునాదులు నింపే ఎర్ర గ్రావెల్ ఈ పనికి రాదు, ఎందుకంటే అందులోని సన్నని మట్టి తానే నీటిని లాగుతుంది. చూరు కింద గోడ వెంట రెండడుగుల వెడల్పున అదే కంకర పరిస్తే చినుకు చిందడం కూడా తగ్గుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచినటువంటి వరదకు మాత్రం ఇవేవీ సమాధానం కావు. అక్కడ బస్తాలను అటక మీదకు ఎక్కించడం ఒక్కటే దారి.

వాన లేని డిసెంబరు ఉదయం రేకు లోపలి వైపు నుంచి చుక్కలు రాలుతుంటే అది కారడం కాదు. రాత్రి చల్లబడిన రేకు మీద లోపలి గాలిలోని తేమే నీరుగా మారింది. అప్పుడు సందులు మూయడం పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. కప్పు కిందుగా రెండు ఎదురెదురు గోడల్లో, బయటికి వాలిన రెక్కలతో గాలి కిటికీలు పెట్టించాలి.