గాయం సోంపేటలో, పాఠం శ్రీకాకుళంలో: పీజీ కోటా పేచీ వెనుక కథ

పీజీ కౌన్సెలింగ్ దగ్గరపడిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ డాక్టర్లలో ఇన్‌సర్వీస్ కోటా (ఉద్యోగంలో ఉన్న ప్రభుత్వ డాక్టర్లకు పీజీ సీట్లలో కేటాయించే వాటా) మాట మళ్లీ రాజుకుంటుంది. ఈసారీ అంతే. కోటా ఎలా పుట్టింది, కోర్టు మెట్లు ఎన్నిసార్లు ఎక్కింది అన్నది అందరూ రాసిందే కాబట్టి వదిలేస్తున్నాం. ఇప్పటి పేచీ అర్థం కావాలంటే ఒక్క నెల చూస్తే చాలు. అది 2024 జులై.

ఆ నెల 1న పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్ష సంహిత అమల్లోకి వచ్చింది. అందరి కళ్లూ దాని 176(3) సెక్షన్ మీదే పడ్డాయి. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలంటుందది. దాన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వ్యవధి ఉంది. ఆసుపత్రికి మాత్రం ఒక్క రోజు వ్యవధి కూడా ఇవ్వలేదు. అత్యాచార బాధితురాలి పరీక్ష నివేదికను ‘ఆలస్యం లేకుండా’ పంపాలని పాత సీఆర్‌పీసీ 164ఏ అనేది. కొత్త 184 ఏడు రోజులని గడువు పెట్టింది. నిందితుణ్ణి పరీక్షించమని అడగాలంటే మునుపు కనీసం ఎస్సై ఉండాలి. ఇప్పుడు 51 ప్రకారం ఏ పోలీసు అధికారి అడిగినా చేయాల్సిందే.

అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం 85వ నంబరు జీవో ఇచ్చింది. ఇన్‌సర్వీస్ కోటా రోగులకు నేరుగా చికిత్స చేసే క్లినికల్ విభాగాల్లో 30 నుంచి 15 శాతానికి, మిగతా నాన్‌క్లినికల్‌లో 50 నుంచి 30 శాతానికి దిగింది. గాయాలు, మరణాలను కోర్టు కోసం పరీక్షించే ఫోరెన్సిక్ మెడిసిన్ నాన్‌క్లినికల్ కిందికే వస్తుంది. డాక్టర్లు రోడ్డెక్కాక క్లినికల్ కోటా కొంత పెరిగింది. ఫోరెన్సిక్ ఊసు మాత్రం చర్చల్లో పెద్దగా వినిపించలేదు. పని పెంచింది ఢిల్లీ, చదువు తగ్గించింది అమరావతి. ఒకరి కాగితం ఇంకొకరు చదివినట్టు లేదు.

ప్రభుత్వం వైపు వాదనా ఉంది. పీజీకి వెళ్లిన డాక్టరు మూడేళ్లు పీహెచ్‌సీకి దొరకడు. పైగా నాన్‌క్లినికల్ సీట్లకు గిరాకీ తక్కువ. ఖాళీలు నింపలేక 2023లో నీట్ పీజీ కటాఫ్‌నే సున్నా పర్సంటైల్‌కు దించాల్సి వచ్చింది.

డాక్టర్లు చెప్పేది వేరు. వాళ్లలో చాలామందికి కావలసింది ఫోరెన్సిక్‌లో ఎండీ కాదు, రోజూ చేస్తున్న పని సరిగ్గా చేయడం తెలియాలి, అంతే. ఎంబీబీఎస్‌లో చదివిన ఫోరెన్సిక్ పేపరు పరీక్షతోనే పోతుంది. 2021 నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో ఈ విభాగానికి దక్కేది ఒక్క వారం.

పొలంగట్టు తగువులో నెత్తి చిట్లి ఒకడు రాత్రి పదింటికి సోంపేట ఆసుపత్రికి వచ్చాడనుకుందాం. పక్కన కానిస్టేబుల్, చేతిలో పరీక్షించమని కోరే రిక్విజిషన్ కాగితం. గాయం సూటిగా, గీత గీసినట్టుంది. చూడగానే కత్తి అనిపిస్తుంది. కానీ ఎముకకు ఆనుకుని ఉన్న చర్మం కర్రదెబ్బకు కూడా అలాగే చీలుతుంది. తేడా తెలియాలంటే భూతద్దం కావాలి, ఏం చూడాలో తెలిసిన కన్నూ కావాలి. కర్రయితే గాయం అంచున వెంట్రుకల కుదుళ్లు నలిగి ఉంటాయి, లోపల సన్నని కండపోగులు తెగకుండా అడ్డంగా మిగులుతాయి. కత్తయితే అన్నీ శుభ్రంగా తెగుతాయి. రెండు కుట్లు పడ్డాయంటే ఆ సాక్ష్యం అక్కడితో సరి. వూండ్ సర్టిఫికెట్‌లో ఒక్క మాట మారితే కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్‌లో మామూలు గాయానికి పెట్టే 115 కేసు, ప్రమాదకర ఆయుధంతో చేసిన గాయానికి పెట్టే 118కి మారిపోవచ్చు. ఈ తేడా విప్పి చెప్పగల ప్రొఫెసరు ఉండేది మెడికల్ కాలేజీలో. శ్రీకాకుళంలో 2008 నుంచి ప్రభుత్వ కాలేజీ ఉంది, విజయనగరంలో 2023 సెప్టెంబరులో మొదలైంది. కానీ సోంపేట నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైమాటే. ఆ రాత్రి ఎవరు వెళ్లి అడుగుతారు?

ఉద్యోగం మానకుండా నేర్చుకునే దారి ఏది అంటే జవాబు లేదు. ఒకప్పుడు ఫోరెన్సిక్ మెడిసిన్‌లో రెండేళ్ల డిప్లొమా ఉండేది. డిప్లొమా సీట్లను డిగ్రీ సీట్లుగా మార్చుకోవచ్చని మెడికల్ కౌన్సిల్ తలుపు తీశాక దేశమంతటా డిప్లొమాలు కరిగిపోయాయి. 2020లో జాతీయ పరీక్షల బోర్డు ఎనిమిది సబ్జెక్టుల్లో డిప్లొమాలు మళ్లీ తెచ్చింది. మత్తు, కాన్పులు, పిల్లలు, కళ్లు, ఈఎన్‌టీ, ఎక్స్‌రే, ఊపిరితిత్తులు, ఫ్యామిలీ మెడిసిన్. ఫోరెన్సిక్ లేదు! మెల్‌బోర్న్‌లో మోనాష్ యూనివర్సిటీ, విక్టోరియా ఫోరెన్సిక్ మెడిసిన్ సంస్థ కలిసి డ్యూటీలో ఉన్నవాళ్ల కోసమే ఇలాంటి కోర్సులు నడిపాయి కాబట్టి ఇది వింత కోరికేమీ కాదు.

నర్సుల సంగతి ఎవరూ ఎత్తరు. అత్యాచార బాధితురాలితో ఎక్కువసేపు ఉండేది వాళ్లే. బట్టలు నీడన ఆరబెట్టి కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో పెడితే తడికి బూజు పట్టి నమూనా పాడవుతుంది. 96 గంటల్లోపు స్వాబ్‌లు (దూదిపుల్లతో నమూనాలు) తీయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే చెప్పింది. ఫోరెన్సిక్ నర్సింగ్ బీఎస్సీ సిలబస్‌లోకి ఎక్కింది 2021 సవరణతో. అంతకు ముందే చదువు ముగించి ఇప్పుడు వార్డుల్లో ఉన్న సీనియర్ సిస్టర్లకు అది అందలేదు.

కొత్త చట్టం డాక్టరుకు కోర్టు చుట్టూ తిరిగే బాధ తగ్గించిందని ఒక మాట ఉంది. సురక్ష సంహిత 336 ప్రకారం సర్టిఫికెట్ రాసిన డాక్టరు బదిలీ అయితే, ఆ కుర్చీలో ఉన్న తర్వాతి డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పవచ్చు. బదిలీపై వెళ్లినవారికి అది ఊరటే. వచ్చినవారు మాత్రం తాము చూడని గాయానికి బోనెక్కాలి. కత్తా, కర్రా అని డిఫెన్స్ లాయరు అడిగితే ఆ సర్టిఫికెట్‌లోనే వెతుక్కోవాలి. వెంట్రుకల కుదుళ్ల సంగతి అందులో రాసి ఉండదు.