జబ్బు లేనివాళ్లను ఎందుకు అడుగుతారు?

ఆరోగ్య సర్వే ఎక్కడ జరిగినా ప్రశ్నలు ఇంచుమించు ఇవే: సిగరెట్ తాగుతారా, బీపీ ఎంత, షుగర్ ఉందా, రోజూ ఎంత నడుస్తారు. ఏ జబ్బూ లేనివాళ్లను కూర్చోబెట్టి ఇవన్నీ అడగడం 80 ఏళ్ల కిందటైతే డాక్టర్లకే వింతగా తోచేది.

వయసుతో పాటు బీపీ పెరగడం మామూలేనని అప్పట్లో చాలామంది వైద్యుల నమ్మకం. గట్టిపడిన రక్తనాళాల్లో రక్తం పారాలంటే ఆ మాత్రం ఒత్తిడి ఉండాల్సిందే అనుకునేవారు. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బీపీ 186/108. ఇప్పుడు మనింట్లో ఎవరికైనా ఆ అంకె వస్తే అందరికీ టెన్షనే. 1945 ఏప్రిల్ 12న ఆయన కుప్పకూలాక చూస్తే 300/190 ఉంది. మెదడులో రక్తస్రావమై అదే రోజు చనిపోయారు.

1948లో అమెరికా ప్రభుత్వం గుండెజబ్బుల పరిశోధనకు చట్టం చేసింది. ఆ ఏడే మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణంలో అధ్యయనం మొదలైంది. 5,209 మంది చేరారు. అందులో సగానికి పైగా ఆడవాళ్లు. గుండెజబ్బు మగవాళ్లదే అనుకునే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. రెండేళ్లకోసారి అందరినీ పిలిచి పరీక్షలు చేశారు. ఎవరికి జబ్బు వస్తుందో ఓపిగ్గా కనిపెట్టుకుని ఉన్నారు. 1961లో వచ్చిన వాళ్ల వ్యాసంతోనే 'రిస్క్ ఫ్యాక్టర్' (జబ్బు ముప్పును పెంచే అంశం) అనే మాట వైద్యంలో పాతుకుపోయింది. బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువని అందులో లెక్కలతో చూపించారు.

ఆ ఓపికే అసలు కిటుకు. ఒక్కసారి చేసే సర్వే ఎంతమందికి జబ్బుందో చెబుతుంది గానీ, అలవాటు ముందా జబ్బు ముందా అన్నది తేల్చలేదు. డాక్టరు చెప్పాక సిగరెట్ మానేసినవాడు ఆ సర్వేలో 'సిగరెట్ తాగని గుండె రోగి'గా కనిపిస్తాడు.

లండన్ డబుల్ డెక్కర్ బస్సుల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. సీట్లో కూర్చునే డ్రైవర్ల కన్నా రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం ప్రకటించింది. వ్యాయామం మహిమ అని ఊరుకోకుండా, మూడేళ్ల తర్వాత వాళ్లే యూనిఫాంల కొలతలు తీసి చూశారు. డ్రైవర్ల ప్యాంట్ల నడుము సైజు కుర్ర వయసు నుంచే పెద్దది! అంటే కొంత తేడా ఉద్యోగంలో చేరేనాటికే ఉందన్నమాట.

ఫ్రామింగ్‌హామ్‌కూ ఒక లోటుంది. మొదట చేరినవాళ్లు దాదాపు అందరూ తెల్లవాళ్లే. మిగతా జాతులవాళ్లను విడిగా చేర్చుకోవడం మొదలుపెట్టింది 1994లో. ఎవరికి గుండెజబ్బు ముప్పు ఎంతో చెప్పేందుకు ఆ పట్టణం లెక్కలతో తయారైన పట్టికలను వేరే దేశాల్లో వాడి చూస్తే కొన్నిచోట్ల ముప్పు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించాయి. అందుకే ఏ ప్రాంతానికి తగ్గట్టు అక్కడ వాటిని సరిచేసుకోవాల్సి వచ్చింది.